మిరపచేనుకు తడిగుడ్డ

మిరపచేనుకు పురుగుమందు కొట్టినవాళ్ళు మా వైపు వేలమంది ఉంటారు. మిరపచేనుకు ఇల్లు తుడిచే మందు కొట్టించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ ఘనత నాది అని ఇంకెవడైనా అంటే రమ్మనండి, తేల్చుకుందాం. అదీ ఒకడి చేనుకు కాదు, ఊరు ఊరంతటికీ, చట్టానికి పూర్తిగా లోబడి కొట్టించాను. లోబడ్డాననే నేను అనుకున్నాను లెండి. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, వినండి. నవ్వు వస్తే ఆపుకోవద్దు. మా ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరు నలుగురూ కలిసినంత మాత్రాన నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

గుంటూరు మిరప అయిపోయి ప్రకాశం పొగాకు మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. జిల్లాలు విడగొట్టాక మీది ఏ జిల్లా అని అడిగితే మావాళ్ళు ఇప్పటికీ కాసేపు ఆలోచించి చెబుతారు. ఆ ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద నాకో పురుగుమందుల కొట్టు ఉంది. డిప్లొమా చదివి, లైసెన్సు తెచ్చుకుని, దానికి అద్దం కట్టించి, రోజూ పొద్దున్నే దేవుడి పటాలతో పాటు దానికీ అగరొత్తులు తిప్పి వ్యాపారం మొదలుపెట్టేవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు చదివినప్పుడు పోలేదు, లైసెన్సు వచ్చాక పోయింది. లేబుల్ అనే మాట ఎవరి నోట వచ్చినా సరే, "నన్నడుగు, నేను చెప్తా" అంటూ మధ్యలో దూరేవాణ్ణి.

మా ఆవిడ సుజాత నా మేనమామ కూతురే. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచేది. పెళ్ళయ్యాక ఆ పిలుపూ మారలేదు, నన్ను కోప్పడే పద్ధతీ మారలేదు. ఆవిడ చేతిలో ఒక విద్య ఉంది. కుంకుడు రసం, నిమ్మగడ్డి నూనె, ఇంకా ఏవేవో కలిపి ఇల్లు తుడిచే మందు తయారు చేస్తుంది. బకెట్ నీళ్ళలో ఒక మూత పోసి తడిగుడ్డ పెడితే ఎంత పాత గచ్చయినా ముఖం చూసుకోవచ్చు. మా వీధి ఆడవాళ్ళు ఖాళీ సీసాలు పట్టుకుని మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు. దానికి "తళుకు" అని పేరు కూడా వాళ్ళే పెట్టారు.

ఒకసారి సుజాత పంటి డాక్టరు కోసం గుంటూరు బ్రాడీపేట వెళ్ళి, పనిలో పనిగా అక్కడ కోటేశ్వరరావు గారనే పెద్ద కిరాణా కొట్టాయనకు ఒక సీసా ఇచ్చి వచ్చింది. ఆయన తన కొట్టు గచ్చునే తుడిపించి చూసి, మర్నాడే ఫోన్ చేశాడు.

"అమ్మా, సరుకు బంగారం. డిసెంబర్లో కొత్త కొట్టు తెరుస్తున్నా. గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఎదురుగా కనపడే అర నీకే ఇస్తా. కానీ లేబుల్ మాత్రం చట్టప్రకారం పక్కాగా ఉండాలి. ఒక్క ముక్క తేడా ఉన్నా నీ సరుకు నా గుమ్మం తొక్కదు, ముందే చెప్తున్నా."

ఆ పూట సుజాత అన్నం కూడా సరిగ్గా తినలేదు. కంచం ముందు కూర్చుని నా వంక చూసి, "ఇన్నాళ్ళూ అందరూ మందుల కొట్టు శీనయ్య పెళ్ళాం అనే అన్నారు బావా. ఒక్కసారి, ఎవరో ముక్కూమొహం తెలియనోళ్ళు నా సీసా చేతిలోకి తీసుకుని నా పేరు చదవాలి. నాకు అంతకంటే ఏం వద్దు" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. నా గుండె ఉప్పొంగిపోయింది. అలా ఉప్పొంగినప్పుడల్లా నాకు బుర్ర పనిచేయడం మానేస్తుంది.

"మందు సంగతి నువ్వు చూసుకో, చట్టం సంగతి నాకొదిలెయ్" అన్నాను.

"గుంటూరులో తూనికలు కొలతల ఆఫీసుకు పోయి ఒకసారి అడిగొద్దామా?"

"ఇంట్లో నన్ను పెట్టుకుని వీధిలో వాళ్ళని అడుగుతావా? ఇన్నేళ్ళుగా లేబుళ్ళ మధ్యే గదా బతుకుతున్నా!"

పాపం, నమ్మింది. సీసాలన్నీ నింపి పెట్టి, చెల్లెలి పెళ్ళిపనులకని మంగళగిరి బస్సెక్కింది. "లేబుళ్ళు అచ్చు వేయించి అంటించి ఉంచు బావా, రాగానే బ్రాడీపేట తీసుకుపోదాం" అని కిటికీలోంచి మరీ చెప్పింది.

ఇక్కడ మీలో పట్నంవాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. పురుగుమందు సీసా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. ఎరుపైతే మహా విషం, పైన పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. పసుపు దాని తర్వాత, నీలం ఇంకాస్త తక్కువ, ఆకుపచ్చ అన్నిటికంటే మెతక. ఎర్రగుర్తు చూసి రైతు భయపడాలని ప్రభుత్వం ఉద్దేశం. ఎర్రగుర్తు చూస్తేనే కొనాలని మా రైతు ఉద్దేశం. పొరపాటున ఆకుపచ్చ గుర్తు సీసా చేతిలో పెట్టామా, "ఇదేందయ్యా, పసిపిల్లలకి పట్టే కడుపునొప్పి మందా?" అని వెనక్కి తోసేస్తాడు. అలాంటివాళ్ళతో ఇన్నేళ్ళు వ్యాపారం చేసి చేసి, ఎర్రగుర్తు లేని సీసాను సీసాగా గుర్తించడం నేను కూడా మానేశాను.

గుంటూరులో మస్తాన్ గారి ప్రెస్సుకు వెళ్ళాను. నేను గీసుకెళ్ళిన నమూనా చూసి ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"సరుకేందండీ?"

"ఇల్లు తుడిచే మందండీ."

"మరి ఈ పుర్రె బొమ్మ?"

"చట్టం."

"ఇల్లు తుడిచేదానికా?"

"మస్తాన్ గారూ, లేబుళ్ళ చట్టం మీకు తెలుసా నాకు తెలుసా?"

"మీకే తెలుసులెండి. గుర్తు ఏ రంగు వేయమంటారు?"

"ఎరుపు. ఆకుపచ్చ వేస్తే జనం నమ్మరు."

"'విషము' అని కూడా రాశారు..."

"అది పెద్దక్షరాలతో వేయండి."

"ధర, తేదీ, ఫోన్ నంబరు ఎక్కడ వేయాలండీ?"

"చోటేదీ? పుర్రెకే సరిపోవట్లా. అవి తర్వాత స్టాంపు కొట్టుకుంటాలెండి."

"ఇల్లు తుడవడానికి అనైనా వేద్దామా?"

"ఆఁ, కింద ఎక్కడో చిన్నక్షరాల్లో వేసెయ్యండి."

ఆయన చీమ తలకాయంత అక్షరాల్లో వేశాడు. సుజాత పేరు మాత్రం పెద్దగానే వేయించాను, సరిగ్గా పుర్రె కింద. ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. ఆలస్యం కూడా అక్కర్లేదు, దగ్గర్లో ప్రెస్సుంటే చాలని ఆ రోజు నేను రుజువు చేశాను.

లేబుళ్ళు నా చేత్తోనే, ఒక్క ముడత కూడా రాకుండా అంటించాను. ఇంట్లో చోటు చాలక పెట్టెలన్నీ కొట్టుకు తెచ్చి ముందు వరసలో పేర్చాను. ఈలోగా ఒకటో అరో అమ్ముడుపోతే సుజాతకు ఫోన్ చేసి చెబుదామని నా ఆశ. అవి మిరప పూతకు తామర పురుగు పట్టిన రోజులు. ఏ మందూ పనిచేయక రైతులు కాలుగాలిన పిల్లుల్లా కొట్ల చుట్టూ తిరుగుతున్నారు. ఆ సాయంత్రం మొదట వచ్చినవాడు వెంకటేశ్వర్లు బాబాయ్.

"ఏందిరా శీనయ్యా, కొత్త సరుకా?"

"అవును బాబాయ్. మన సుజాత..."

నేను మాట పూర్తి చేయలేదు. ఆయన మూత తీసి వాసన చూశాడు. సీసా తిప్పి ఎర్రగుర్తు చూశాడు. "రెండియ్యి" అన్నాడు, తీసుకుని వెళ్ళిపోయాడు. అంతే. ఏ పంటకు, ఎంత మోతాదు అని అడగనేలేదు. నేనేమో, బాబాయ్ ఇల్లు పెద్దది గదా, రెండు పడతాయిలే అనుకున్నాను.

మా ఊరి మిరప రైతుకు ఒక నియమం ఉంది. పక్కచేనువాడు ఏ మందు కొడితే తనూ అదే కొట్టాలి, వీలైతే వాడికంటే ముందే కొట్టాలి. వెంకటేశ్వర్లు ఎర్రగుర్తు మందు రెండు తీసుకుపోయాడంట అనే మాట నా కొట్టు దగ్గర బయలుదేరి బడ్డీకొట్టు దాకా పోయి మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి కొట్టు ముందు జాతరైపోయింది. ఒకడు మూడంటాడు, వెనకున్నవాడు నాలుగంటాడు. చీకటి పడకముందే పెట్టెలన్నీ ఖాళీ. కొన్నవాళ్ళలో ఆడమనిషన్నది ఒక్కరూ లేరు. మీరు నమ్మరు, నా కళ్ళు చెమర్చాయి. మా ఊరి మగవాళ్ళకు ఇన్నాళ్ళకు ఇంటి ఆడవాళ్ళ నడుంనొప్పి తెలిసివచ్చిందని సంబరపడిపోయి సుజాతకు ఫోన్ చేశాను.

"సుజాతా! ఒక్క సీసా మిగల్లా! మొత్తం మగాళ్ళే కొన్నారు!"

ఆవిడ పెళ్ళిపనుల గోలలోంచి పక్కకు వచ్చింది.

"మగాళ్ళా? మనూరి మగాళ్ళు?"

"అవును!"

"ఇల్లు తుడవడానికి?"

"మరి దేనికి?"

"బావా, లేబుల్ మీద నువ్వేం రాయించావు?"

"చట్టప్రకారం ఉండాల్సినవన్నీ రాయించా."

"పొద్దున్నే మొదటి బస్సుకు వస్తన్నా. నేనొచ్చేదాకా నువ్వు దేన్నీ ముట్టుకోమాక" అని ఫోన్ పెట్టేసింది. నన్ను చూడాలని తొందరపడుతోంది కాబోలనుకుని హాయిగా నిద్రపోయాను.

పొద్దున కొట్టు తలుపు తీస్తుంటే ఆటోలోంచి ఫోన్ చేసింది. "బావా, పొలిమేరలో ఉన్నా. చేలల్లోంచి మన వంటింటి వాసన వస్తోంది!"

పరుగెత్తాను. కనుచూపు మేర మిరపచేలు, ప్రతి చేలోనూ వీపున ట్యాంకు తగిలించుకుని మందు కొడుతున్న మగవాళ్ళు, ఆకాశం నిండా నిమ్మగడ్డి పరిమళం. మొక్కల మీద తెల్లటి నురగ నిలబడి ఉంది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. మావాళ్ళు ఇంటిని వదిలేసి ఏకంగా చేనే అలికేస్తున్నారు. గట్టు మీద కూలబడ్డాను.

సుజాత ఆటో దిగి వచ్చి గట్టు మీద పడి ఉన్న సీసా తీసి చూసింది. ఎర్రగుర్తు చూసింది. పుర్రె చూసింది. పుర్రె కింద తన పేరు చూసింది. తిడుతుందనుకుని తల వంచుకున్నాను. తిట్టలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"ఎవరైనా నా పేరు చదవాలన్నాను గానీ, నా మందు విషమని చదవాలన్నానా బావా? ఇక కోటేశ్వరరావు గారి గుమ్మం ఏ మొహం పెట్టుకుని ఎక్కేది?"

తిట్టినా బాగుండేది. నేను ఎంత పెద్ద వెధవనో ఆ నిమిషంలో నాకు అర్థమైంది. సుజాత మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఏడుపు తర్వాత ఏడుస్తా, ముందు వాళ్ళని ఆపు!" అంది.

వెంకటేశ్వర్లు బాబాయ్ చేలోకి దూకాను.

"బాబాయ్! ఆపు! కొట్టమాక! అది పురుగుమందు కాదు!"

"నిన్న అమ్మి ఇయ్యాల వద్దంటన్నావేందిరా? రేటు పెరిగిందా?"

"రేటు కాదు బాబాయ్, అది గచ్చు తుడిచేది! సబ్బు నీళ్ళు!"

"సబ్బు నీళ్ళకి ఎర్రగుర్తు ఎవడేస్తాడ్రా?"

"నేనే వేశా!"

"ఎందుకేశావ్?"

చట్టం అనబోయి నాలుక కరుచుకున్నాను. పక్కచేలోంచి ఎవరో అరిచారు. "ఆపమాక బాబాయ్! మనల్ని ఆపించి మిగతాది వాళ్ళ మామ చేనుకి దాస్తన్నాడు శీనయ్య!" దాంతో అందరూ ఇంకా జోరుగా కొట్టడం మొదలుపెట్టారు. చేతులు జోడించాను, బతిమాలాను, ఒట్టేశాను. నేను వద్దన్నకొద్దీ ఆ మందు మీద వాళ్ళ నమ్మకం పెరిగిపోయింది. ఇంతటి అమ్మకం నేర్పు నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

సుజాత ఇక నాతో లాభం లేదనుకుంది. నేరుగా బాబాయ్ వీపు మీది ట్యాంకు పట్టి లాక్కుని, చేను పక్కనే ఉన్న ఆయన ఇంట్లోకి నడిచింది. బాబాయ్ భార్య సామ్రాజ్యం పిన్ని వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"పిన్నీ, ఒక తడిగుడ్డ ఇయ్యి" అంది సుజాత. వసారా గచ్చు మీద ఆ ట్యాంకుతోనే ఒకసారి కొట్టి, గుడ్డతో ఒక్క పట్టు పట్టింది. తుడిచినంత మేర గచ్చు ఎర్రగా, నున్నగా తేలింది. మిగతాదంతా మట్టిరంగులో ఉంది. పిన్ని చింతపండు వదిలేసి లేచి నిలబడింది.

"ఒరి నాయనో! నా గచ్చు ఈ రంగులో ఉంటదా!"

వెనకే రొప్పుతూ వచ్చిన బాబాయ్ నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది.

"ఏమయ్యా, కాపరానికొచ్చిన కాణ్ణించి నడుం పడిపోయేటట్టు రుద్దుతన్నా. ఇంత మంచి సరుకు డబ్బులు పెట్టి కొని, ఇంటికి తేకుండా చేలో పోస్తావా? మిరపకాయలు నీకు కాపరం చేసి పెడతయ్యా?"

"అది కాదే, ఎర్రగుర్తు..."

"ఎర్రగుర్తు నీ మొహాన వేస్తా, ఉండు!"

ఆ కేక వీధి చివరిదాకా వినపడింది. ఆ తర్వాత జరిగింది చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. నా మాట ఒక్క మగవాడూ వినలేదు గానీ, సామ్రాజ్యం పిన్ని మాట ఊళ్ళో ఆడవాళ్ళంతా విన్నారు. కొంగులు బిగించి చేలల్లోకి దిగారు. ఎవరి మొగుడి వీపు మీది ట్యాంకు వాళ్ళు ఊడబెరుక్కున్నారు, ఎవరి సీసా వాళ్ళు లాక్కున్నారు. టీ తాగి వచ్చేంత సేపట్లో మా ఊరి చేలల్లో మందు కొట్టేవాడు లేడు. నేను గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టబోయి, సుజాత చూపు చూసి చేతులు జేబులో పెట్టుకున్నాను.

అయిపోయిందనుకున్నారా? ఊళ్ళో ఒక పుణ్యాత్ముడు, ఎవరూ ఎరగని ఎర్రగుర్తు మందు వచ్చిందని అప్పటికే ఫోన్ కొట్టాడు. వ్యవసాయాధికారి మేడమ్ స్కూటీ మీద దిగారు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతారు. అరిచేవాళ్ళంటే నాకు భయం లేదు, మెల్లగా మాట్లాడేవాళ్ళను చూస్తేనే వణుకు. పిన్ని వసారాలో నిలబడి సీసా చేతికి తీసుకున్నారు.

"సరుకు ఎవరిదండీ?"

"నాదండి" అంది సుజాత, ఒక అడుగు ముందుకు వేసి.

నేను స్తంభం చాటున ఉన్నాను. అక్కడే ఉంటే సరిపోయేది. కానీ ఆ ముందుకు వేసిన అడుగు చూశాక ఉండలేకపోయాను. "లేబుల్ నాదండి" అన్నాను.

"దీనికి రిజిస్ట్రేషన్ నంబరేదండీ?"

"పురుగుమందు కాదండి, ఇల్లు తుడిచేదండి."

"అలాగా. అయితే ధరేది? లోపల ఎంత పరిమాణం ఉంది? ఏ నెలలో తయారైంది? తయారు చేసినవారి చిరునామా ఏది? తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?"

"స్టాంపు కొడదామనుకునేలోపే అమ్ముడైపోయాయండి."

"ఉండాల్సినవి ఒక్కటీ లేవు. ఉండకూడనివి అన్నీ ఉన్నాయి. నా సర్వీసులో ఇలాంటి లేబుల్ నేను చూడలేదండీ."

"థాంక్సండీ" అనేశాను. అలవాటు కొద్దీ వచ్చేసింది, నేనేం చేయను? సామ్రాజ్యం పిన్ని తల బాదుకుంది.

"ఈ గుర్తు ఇష్టం వచ్చినట్టు వేసి అమ్మితే ఏమవుతుందో, లైసెన్సు ఉన్న మీకు నేను చెప్పాలా?" అన్నారు మేడమ్. నాకు అగరొత్తుల పొగ మధ్య అద్దం పటం కనపడింది. అయితే సుజాత నా లైసెన్సు గురించి అడగలేదు.

"మేడమ్, సీసాలన్నీ వెనక్కి తెప్పిస్తా. నా మీద, మా బావ మీద ఏం రాయాలో అది రాయండి. నా మందు విషమని మాత్రం రాయమాకండి. మీ కాళ్ళ కింద గచ్చు చూడండి, అది చేసిన పని అదే."

మేడమ్ కిందికి చూశారు. "ఇవాళ సాయంత్రానికి ఒక్క సీసా కూడా ఊళ్ళో మిగలకూడదు. చేలు నేను స్వయంగా చూడాలి. ఆ తర్వాత మాట్లాడదాం" అన్నారు.

ఇప్పుడు అసలు తంటా మొదలైంది. మగవాళ్ళ నుంచి సీసాలు లాక్కోవడం ఆడవాళ్ళకు చేతనైంది గానీ, ఆడవాళ్ళ నుంచి తీసుకోవడం ఎవరి తరం? అప్పటికే సగం ఊరు తడిగుడ్డ పెట్టుకుంటోంది. "లేబుల్ కావాలంటే పీక్కుపో శీనయ్యా, సీసా మాత్రం ఇయ్యను" అని ఒకావిడ తలుపేసుకుంది. చివరికి సుజాతే ఇల్లిల్లూ తిరిగి, "అక్కా, ఇది ఇప్పుడు ఇస్తే సరైన లేబుల్‌తో మొదటి సీసా నీకే" అని మాటిచ్చింది. సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఆడవాళ్ళంతా సీసాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నేను కింద కూర్చుని, నా చేత్తో ముడత లేకుండా అంటించిన లేబుళ్ళను గోళ్ళు అరిగేలా గీకాను. అంత బాగా అంటించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

మేడమ్ చెప్పినట్టు రైతులంతా మంచినీళ్ళతో చేలు కడిగారు. ఆవిడ చేను చేనూ తిరిగి ఆకులు తిప్పి చూసి, మొక్కలకు నష్టమేమీ లేదన్నారు. సుజాత ఊపిరి పీల్చుకుంది. వెంకటేశ్వర్లు బాబాయ్ మాత్రం, "నష్టమేందమ్మా, నా చేను పెళ్ళికొడుకులా తయారైంది!" అని మురిసిపోయాడు. సుజాత మీద ఏ కేసూ రాలేదు. నా కొట్టుకు కొన్నాళ్ళు తాళం పడింది, పడాల్సిందే మరి. ఆ కొన్నాళ్ళూ నేను మా వంటింట్లో కుంకుడుకాయలు కొట్టాను. జీతం లేదు, భోజనం మాత్రం పెట్టేవాళ్ళు.

సుజాత ఈసారి ఎవర్నీ నమ్మలేదు. తనే గుంటూరు వెళ్ళి, తూనికలు కొలతల ఆఫీసులో బల్ల ముందు కూర్చుని అన్నీ అడిగి తెలుసుకుని, తన పేర నమోదు చేయించుకుని వచ్చింది. కొత్త లేబుల్ రాసుకుంటుంటే నాకు నోరు ఊరుకోలేదు.

"క్రిములను చంపును అని ఒక్క ముక్క వేద్దామా?"

ఆవిడ కలం ఆపి నా వంక చూసింది. "చంపుతుందంటే దానికి వేరే లైసెన్సు, వేరే ఆఫీసు అంట. మన మందు ఎవర్నీ చంపదు బావా, తుడుస్తుంది. నువ్వెళ్ళి కుంకుళ్ళు కొట్టుకో."

డిసెంబరు వచ్చింది. బ్రాడీపేట కొత్త కొట్టులో కోటేశ్వరరావు గారు సీసా చేతిలోకి తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. మా ఊరి కథ ఆయన చెవిన కూడా పడింది. నేను పలకరించబోతే, "మీరు దయచేసి మాట్లాడకండి" అన్నారు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. పేరు, చిరునామా, పరిమాణం, అన్ని పన్నులతో కలిపి ధర, నెల, సంవత్సరం, పిల్లలకు అందకుండా ఉంచమన్న హెచ్చరిక. సుజాత నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా నేను కదల్లేదు.

"పెద్ద పెద్ద కంపెనీల సరుకు మీద కూడా ఇంత శుభ్రంగా ఉండదమ్మా" అన్నారాయన. సీసాలు తీసుకెళ్ళి గుమ్మానికి ఎదురుగా ఉన్న అరలో పెట్టించారు.

మేం పక్కకు తప్పుకుని నిలబడ్డాం. మొదట లోపలికి వచ్చిన ఒక పెద్దావిడ సీసా తీసింది, మూత దగ్గర వాసన చూసింది, తిప్పి పైకి చదివింది. "తళుకు. తయారీ, సుజాత. మా పుట్టింటి పక్క ఊరేనే!" అని కూతురితో అని, రెండు బుట్టలో వేసుకుంది. సుజాత నా భుజం మీద తలపెట్టి నవ్వుతూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకునేదేముంది. నా జీవితంలో నాకు ఏమాత్రం సంబంధం లేకుండా జరిగిన గొప్ప విజయం అది. బహుశా సంబంధం లేకపోబట్టే జరిగింది.

కళ్ళు తుడుచుకుని నేనూ గర్వంగా ఒక సీసా తీసి లేబుల్ చదివాను. అట్టడుగున "ఫిర్యాదులకు" అని రాసి, దాని ఎదురుగా నా పేరూ, నా ఫోన్ నంబరూ ఉన్నాయి.

"ఇదేందే?"

"ఫిర్యాదులు వినే మనిషి పేరు ఉండి తీరాలంట బావా. నా మందు గురించి మాటలు పడాల్సినవాడు నువ్వు గాక ఇంకెవడున్నాడు?"

నేను నోరు తెరిచేలోపే ఫోన్ మోగింది. కొత్త నంబరు. మొదటి ఫిర్యాదు కాబోలనుకుంటూ ఎత్తాను.

"అయ్యా, తళుకు వాళ్ళేనా? ఒంగోలు అవతల నించి మాట్లాడతన్నా. మీ ఊరి చేలు అద్దాల్లాగా ఉన్నాయని మా బావమరిది చెప్పి, మీ ఊళ్ళో ఇచ్చిన సీసా ఒకటి తెచ్చిచ్చాడు. మిరపకి ట్యాంకుకి ఎన్ని మూతలు పోయాలయ్యా?"

"అయ్యా, అది చేలకు కాదు! ఇల్లు తుడిచేది! లేబుల్ మీద పెద్దక్షరాల్లో ఉంది చూడండి!"

"చూశాలేవయ్యా" అన్నాడాయన, గొంతు బాగా తగ్గించి. "అది ఆఫీసర్ల కోసం వేసిన లేబుల్ గదా! నాకు తెల్వదా? ఎర్రగుర్తుది లోపల ఎక్కడో దాచి ఉంచుంటావు. నాకొక పెట్టె తీసి పెట్టు, రేపొస్తన్నా."

అందుకని, బ్రాడీపేట నడివీధిలో, పోయే ఆటోల సాక్షిగా, ఆ రోజే ఒట్టేసుకున్నాను. బొందిలో ప్రాణం ఉండగా నేను లేబుల్ అన్నదాని జోలికి పోను. ఆ ఒట్టు ఇప్పటిదాకా తప్పలేదు. మొన్న మా అమ్మాయి స్కూలు పుస్తకాలు తెచ్చి, అట్టల మీద పేరు చీటీలు అంటించి పెట్టు నాన్నా అంటే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "మీ అమ్మనడుగు తల్లీ, ఆ లైసెన్సు నాకు లేదు" అన్నాను.